అప్‌డేట్: మద్రాసు గెయిటీ కట్టించింది మన బందరాయనే

మౌంట్ రోడ్డు దగ్గరి గెయిటీ టాకీస్‌ను తెలుగాయన కట్టించాడని తాతయ్య అనేవారు, నిజమేనా అని మొన్న అడిగాను. నిజమేనండీ! మచిలీపట్నంలో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు. మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతూ, దాన్నే తాకట్టు పెట్టి క్రోనోమెగాఫోన్ కొన్నారట. బొమ్మకు గ్రామఫోన్ రికార్డు శబ్దం జోడించే యంత్రం అది. దాంతో డేరాల్లో ఆటలు వేస్తూ బర్మా, సింహళం దాకా వెళ్లొచ్చి, ఆ తర్వాత గెయిటీ కట్టారు. మింట్ వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ (తర్వాత రాక్సీ) కూడా ఆయనవే. గెయిటీని కూల్చేశారు, రాక్సీ కూడా లేదు. ఆయన పేరిట ప్రభుత్వ పురస్కారం ఉంది గానీ, ఆయన గోడ ఒక్కటైనా మిగిలుంటే తాతయ్యను తీసుకెళ్లి చూపించేవాణ్ణి. జవాబిచ్చిన పెద్దలందరికీ నమస్కారాలు.