గుడ్లు పెట్టే కౌజు ఒక్కసారిగా కాళ్లు ఈడిస్తే ముందు క్యాల్షియమా, ముందు జబ్బు తేల్చుకోవడమా?

రాయగడ_వరండా:
మాది రాయగడ. వరండా పంజరంలో మూడు ఆడ కౌజులు, ఒక మగది ఉన్నాయి. పక్కింటి ఒడియా వాళ్లు గుండురి అంటారు. అడవి పిట్టలు కావు, ఫారంలో పెంచే జపనీస్ క్వయిల్. నిన్న సాయంత్రం దాకా బాగా తిరిగిన ఆడది పొద్దున చూసేసరికి మూల చతికిలబడి ఉంది. రెండు కాళ్లూ వెనక్కి చాపేసి రెక్కల మీద పాకుతోంది. కళ్లు చురుగ్గానే ఉన్నాయి, ముక్కు దగ్గర పెడితే తింటోంది. ఇక్కడి పశువుల ఆసుపత్రిలో పిట్ట అనగానే నవ్వి, యాంటీబయాటిక్ చీటీ రాసిచ్చారు. మా బావ క్యాల్షియం పొయ్యమంటాడు. సంతలో పిట్టలమ్మే ఆయన ఇది తెగులు, మిగతావాటికి అంటకముందే కోసెయ్యమంటాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

గుణుపురం_గంప:
మీ బావ మాటే వినండి. 150, 200 గ్రాముల పిట్ట రోజూ 10 గ్రాముల గుడ్డు పెడుతుంది. పెంకుకి కావాల్సినంత మేతలో దొరక్కపోతే సొంత ఎముకల్లోంచి లాగుతుంది. రక్తంలో క్యాల్షియం పడిపోయిందంటే కాళ్లే ముందు వదిలేస్తాయి. ఈ మధ్య తోలు గుడ్డు, అంటే గట్టి పెంకు లేనిది, ఏమైనా పెట్టిందా? మేత ఏం వేస్తున్నారు?

రాయగడ_వరండా:
నూకలు, చోళ్లు (రాగులు), కొంచెం బ్రాయిలర్ ఫీడ్. చోళ్లలో క్యాల్షియం ఎక్కువ కదా అనే వేస్తున్నాం. మొన్న ఒక తోలు గుడ్డు కనిపించింది, మూడింట్లో ఏది పెట్టిందో తెలీదు.

జయపురం_మేడమీద:
ఏ పిట్టదో తెలియని ఒక్క తోలు గుడ్డుతో తీర్పు చెప్పేస్తే ఎలా గంప గారూ? కాళ్లు పడిపోవడం అన్నది జబ్బు పేరు కాదు. నేనైతే సిరప్ సీసా తెరవకముందు పిట్టని చేతిలోకి తీసుకుని చూస్తాను. వేలు గిల్లితే కాలు వెనక్కి లాక్కుంటోందా? అసలు లాక్కోకపోతే వెన్నెముక మీద అనుమానం. కౌజు బెదిరిందంటే నిట్టనిలువునా ఎగురుతుంది, రాత్రి పిల్లి వరండాలోకి వస్తే చాలు, తల పంజరం కప్పుకి కొట్టుకుంటుంది. నెత్తిన ఈకలు ఊడాయేమో చూడండి. ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి పెడితే మేరెక్స్ అనే వైరస్ జబ్బు గుర్తొస్తుంది. కోళ్లలో కనిపించినంతగా కౌజుల్లో కనిపించదు గానీ రాదని మాత్రం అనలేం. మెడ మెలితిరిగి, రెట్ట ఆకుపచ్చగా పడితే కొక్కెర తెగులు (రాణిఖేత్). కౌజు దాన్ని కోడికంటే కొంత తట్టుకుంటుంది, కానీ మీ వీధి కోళ్లకి అంటించగలదు. మెడ గుడ్డపేలికలా వేలాడేస్తే కుళ్లినదేదో తిన్నట్టు. వీటిలో ఒక్కదానికీ క్యాల్షియం మందు కాదు. మీరు అది పోస్తూ కూర్చుంటే ఈలోపు తెగులు పంజరమంతా పాకుతుంది.

గుణుపురం_గంప:
పంజరం వేరు చెయ్యొద్దని నేనన్నానా? అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి ఇప్పుడే వేరు చెయ్యండి, దానికి ఖర్చేముంది. నేను చెప్పేది ఆ రోజే క్యాల్షియం మొదలుపెట్టమని. గుడ్లు పెట్టే వయసు ఆడది, కళ్లు చురుగ్గా, ఆకలి బాగా ఉంది, రెండు కాళ్లూ ఒకేసారి పోయాయి. ఇలాంటప్పుడు మందుకి పిట్ట ఎలా స్పందిస్తుందో అదే పరీక్ష. క్యాల్షియమే కారణమైతే ఒకటి రెండు రోజుల్లో తేడా తెలుస్తుంది. అదే మగ పిట్ట పడిపోయి ఉంటే నేను క్యాల్షియం ఊసే ఎత్తను.

పర్లాకిమిడి_పెద్దమ్మ:
నాయనా, చోళ్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదేం? వంద గ్రాముల చోళ్లలో క్యాల్షియం 350 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. పిట్ట రోజుకి తినేది 25 గ్రాములు. మొత్తం చోళ్లే తిన్నా 90 మిల్లీగ్రాములు రాదు. గుడ్లు పెట్టే కౌజు మేతలో క్యాల్షియం రెండున్నర నుంచి మూడు శాతం ఉండాలి, అంటే రోజుకి 600 పైన. మనిషికి బలమైన తిండి గుడ్ల పిట్టకి ఏ మూలకీ చాలదు. నూకల్లో అయితే అదీ లేదు. బ్రాయిలర్ ఫీడ్ మాంసం కోసం చేసింది, అందులో ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది. ఆల్చిప్ప పొడి చిన్న గిన్నెలో విడిగా పెట్టండి, కావాల్సినంత అదే తింటుంది. తాంబూలం సున్నం నీళ్లలో కలిపి పోసేవాళ్లున్నారు, ఆ పని చెయ్యకండి, నోరూ గొంతూ కాలిపోతాయి.

ఇంకొకటి. మీ వరండాకి అద్దాలు ఉన్నాయా? అద్దంలోంచి వచ్చే ఎండతో ఒంట్లో డి విటమిన్ తయారవదు, బల్బు వెలుగుతో అసలే అవదు. అది లేకపోతే ఎంత క్యాల్షియం పోసినా ఒంటికి పట్టదు. డి3 కలిసిన సిరప్ తీసుకోండి. ముక్కు పక్కన చుక్క పెడితే అదే చప్పరిస్తుంది. నోరు తెరిచి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు రెట్టదారి దగ్గర వేలితో మెల్లగా తడిమి చూడండి, గట్టిగా గుడ్డు తగిలితే అది ఇరుక్కున్నట్టు. దాని ఒత్తిడికి కూడా కాళ్లు పోతాయి. గోరువెచ్చని నీళ్లలో నడుము దాకా కాసేపు ఉంచండి. నొక్కి తియ్యాలని చూడకండి, లోపలే పగిలితే పిట్ట దక్కదు.

రాయగడ_వరండా:
గుడ్డు తగల్లేదు పెద్దమ్మా. వేలు గిల్లితే రెండు కాళ్లూ లాక్కుంటోంది, కానీ నిలబడలేదు. నెత్తి బాగానే ఉంది. వరండా మొత్తం అద్దాలే. మరి యాంటీబయాటిక్ కూడా వెయ్యాలా? చీటీలో ఎన్రోఫ్లాక్సాసిన్ అని ఉంది.

జయపురం_మేడమీద:
ఈ యాంటీబయాటిక్ విషయంలో మాత్రం గంప గారికీ నాకూ పేచీ ఉండదనుకుంటా. మీరు చెప్పినదాంట్లో ఆ మందు అవసరమయ్యే లక్షణం నాకు కనబడలేదు. క్యాల్షియం కొరతకీ, దెబ్బకీ, వైరస్‌కీ అది పనిచేయదు. పైగా రెండూ ఒకే నీళ్లలో కలిపితే క్యాల్షియం ఆ మందుని పట్టేసుకుంటుంది, ఒంటికి సరిగ్గా ఎక్కదు. వేస్తే ఆ గుడ్లు ఇంట్లో తినకూడదని కూడా మీకెవరూ చెప్పి ఉండరు. చీటీ పట్టుకెళ్లి ఏ జబ్బుకి రాశారో అడగండి.

కోసెయ్యమన్న మాట కూడా వదిలెయ్యండి. రెండో పిట్ట పడితే అప్పుడు ఆలోచిద్దాం. ఒకవేళ చనిపోతే పారెయ్యకండి. ఫ్రీజర్‌లో కాకుండా ఐసు మధ్య పెట్టి అదే రోజు పోస్ట్‌మార్టంకి పంపాలి, గడ్డకడితే కణజాలం పాడవుతుంది. మీకు గరివిడి పశువైద్య కళాశాల దగ్గర. ఒడిశా వైపే అంటే కటక్ దగ్గర ఫుల్‌నఖరాలో పశువ్యాధుల పరిశోధన సంస్థ ఉంది.

రాయగడ_వరండా:
డి3 కలిసిన సిరప్ మొదలుపెట్టాం, పెట్టె ఆరుబయట ఎండలో ఉంచాం, సగం మీద నీడ ఉండేలా. ఇవాళ లేచి రెండడుగులు వేసి మళ్లీ కూర్చుంది. మిగతావి బాగానే ఉన్నాయి.

గుణుపురం_గంప:
చెప్పానా!

జయపురం_మేడమీద:
లేచినంత మాత్రాన క్యాల్షియమే అని రాసుకోకండి. నడుము అదిరిన పిట్ట కూడా పెట్టెలో కదలకుండా పడుంటే నాలుగు రోజులకి లేస్తుంది. మీరు ఒకేసారి మందు, ఎండ, విశ్రాంతి మూడూ ఇచ్చారు. ఏది పనిచేసిందో ఎలా చెప్తారు?

గుణుపురం_గంప:
పిట్ట లేస్తే చాలు మేడ గారూ, మీకు థీసిస్ కావాలి.

రాయగడ_వరండా:
మగదానితో ఎప్పుడు కలపొచ్చు?

పర్లాకిమిడి_పెద్దమ్మ:
గట్టి పెంకు గుడ్లు వరసగా పెట్టేదాకా వద్దు. మగది వీపెక్కి తొక్కితే మళ్లీ పడుతుంది. రాత్రి లైటు తీసెయ్యండి, వెలుగు తగ్గితే గుడ్లు తగ్గుతాయి, పిట్ట కోలుకుంటుంది. మిగతా రెండు ఆడవాటికీ ఇవాళే ఆల్చిప్ప గిన్నె పెట్టండి, అవీ అదే మేత తింటున్నాయి కదా.