బాపట్ల తీరంలో గోడౌనుకు ఎలాంటి పైకప్పు వేయించాలి?

ప్రశ్న (గుంటూరు)
నమస్కారం. సూర్యలంక రోడ్డులో, సముద్రానికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, 60 అడుగుల వెడల్పున ధాన్యం గోడౌను కట్టబోతున్నాము. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా పాత షెడ్డు చూరు వైపు రేకులు లేచిపోయి, బస్తాలు తడిసి ధాన్యం మొలకెత్తింది. ఈసారి సిమెంటు రేకులా, గాల్వాల్యూమ్ (అల్యూమినియం-జింకు పూత ఉన్న ఉక్కు) రేకులా, శ్లాబా? మందం రేకు వేస్తే చాలునని విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేటరు చెప్పారు.

జవాబు (విజయవాడ, స్ట్రక్చరల్ ఇంజనీరు)
మందం ఒక్కటే కాపాడదండి. తుపాను గాలి వాలు తక్కువున్న కప్పును కిందికి నొక్కదు, పైకి పీకుతుంది. ఆ పీకుడు చూరు అంచుల్లో, మూలల్లో, రిడ్జి (కప్పు నడినెత్తి) వెంట అన్నిటికన్నా తీవ్రంగా ఉంటుంది కనుకనే మీ రేకులు అక్కడ లేచాయి. కట్టడాలపై గాలి భారాన్ని లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడకే డిజైనుకు ఆధారంగా తీసుకునే గాలివేగం (బేసిక్ విండ్ స్పీడ్) సెకనుకు 50 మీటర్లు. ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు, అర మిల్లీమీటరు రేకు బరువు ఐదు కిలోలకు మించదు. పైగా 2015 నాటి సవరణ ప్రకారం, తీరానికి 60 కిలోమీటర్ల లోపు పారిశ్రామిక కట్టడాలకు వేగాన్ని 1.15తో హెచ్చించాలి, ఒత్తిడి వేగం వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి మారుతుంది గనుక అది దాదాపు మూడో వంతు పెరుగుతుంది. కాబట్టి అంచుల్లో పర్లిన్లు (రేకులను మోసే అడ్డ ఇనుప దూలాలు) దగ్గరగా వేయించి, జె-హుక్కులకు (రేకును పర్లినుకు తగిలించే కొక్కీలకు) బదులు రబ్బరు వాషర్లున్న సెల్ఫ్ డ్రిల్లింగ్ (తమంతట తామే రంధ్రం చేసుకునే) స్క్రూలను అక్కడ ఎక్కువగా బిగించమనండి. రేకు నుంచి పర్లినుకు, ట్రస్సుకు (కప్పును మోసే ఇనుప చట్రానికి), స్తంభానికి, పునాదిలోని బోల్టుకు ఆ లాగుడు తెగకుండా చేరాలి. డ్రాయింగులో ఈ జాయింట్లు చూపకపోతే పని మొదలుపెట్టవద్దు.

జవాబు (గుంటూరు, మిర్చి గోడౌను యజమాని)
షట్టరును మరచిపోకండి. అది లోపలికి విరిగితే గాలి కింద నుంచి కూడా కప్పును ఎత్తుతుంది. మాకు సరిగ్గా అలాగే జరిగింది. ఇప్పుడు లోపలి వైపు ఇనుప అడ్డకమ్మీలు పెట్టించాము. సిమెంటు రేకు మాత్రం వద్దు, ఎగిరివచ్చే కొమ్మ తగిలినా పగులుతుంది. ఉప్పుగాలికి రేకు కన్నా ముందు స్క్రూలు తుప్పుపడతాయి, ఏటా తుపాన్ల కాలానికి ముందు పైకెక్కి చూడాలి.

ప్రశ్నించినవారు
ధన్యవాదాలు. మరి శ్లాబు సంగతి?

జవాబు (విజయవాడ, స్ట్రక్చరల్ ఇంజనీరు)
దాని బరువే దానికి రక్ష. కానీ 60 అడుగుల వెడల్పుకు మధ్యలో స్తంభాలు తప్పవు, లారీ తిరగడానికి చోటుండదు. ఆఫీసు గదికి శ్లాబు వేసి, గోడౌనుకు గాల్వాల్యూమ్ రేకులే వేయించండి.