కార్బన్ నానోట్యూబుల మందు ఎక్కడైనా ఇస్తున్నారా?

ప్రశ్న:
మా అమ్మకి రొమ్ము క్యాన్సర్, కీమో నడుస్తోంది. ఆ ఎర్ర మందు, డాక్సోరుబిసిన్, ఎక్కించాక అన్నం వాసనే పడట్లేదు. కార్బన్ నానోట్యూబులతో మందు నేరుగా గడ్డకే పంపిస్తారని మా బావ వీడియో పెట్టాడు. ఎక్కడ చేస్తారు? ఎంతైనా పెట్టుకుంటాం.

జవాబు:
నేను డ్రగ్ డెలివరీ మీదే పీహెచ్‌డీ చేస్తున్నానండీ. సూత్రం నిజమే. నానోట్యూబు అంటే కార్బన్ పరమాణువుల పొరని చుట్టినట్టుండే అతి సన్నటి గొట్టం. ఒకే పొర ఉన్న, అంటే ఒంటి గోడ, ట్యూబు వెడల్పు దాదాపు 1 నానోమీటరు (మీటరులో వంద కోట్లో వంతు). డాక్సోరుబిసిన్ ఆ గోడకి అతుక్కుంటుంది, గడ్డ దగ్గరి ఆమ్లత్వానికి ఊడుతుంది. కానీ ఇదంతా ఎలుకల్లోనే. మనుషులకి అనుమతి వచ్చిన నానోట్యూబు మందు లేదు. ఇస్తామని ఎవరు డబ్బడిగినా దయచేసి ఇవ్వకండి.

ఇంకొకరు:
ఎలుకల్లో పనిచేస్తే ఇంకా ఆలస్యం దేనికి?

జవాబు:
భయం ఉంది కనుక. 2008లో పొడవాటి, బిరుసు ట్యూబులు ఎలుకల పొట్టలోకి ఎక్కిస్తే క్యాన్సర్ తెచ్చే ఆస్‌బెస్టాస్ పోగుల్లాగే వాపు తెచ్చాయి. పొట్టివి, పైపూత ఉన్నవి కాస్త నయం. అవి ఒంట్లోంచి పూర్తిగా పోతాయని తేలాలి కదా.
అమ్మగారి విషయానికొస్తే, ఇదే డాక్సోరుబిసిన్‌ని సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టిన లైపోజోమల్ రకం ఉంది, అమెరికాలో 1995లోనే అనుమతి వచ్చింది. ఆవిడకి నప్పుతుందో లేదో ఆంకాలజిస్టే చెప్పాలి. వాంతుల మందు మార్చమని కూడా అడగండి, ఓర్చుకోమనకండి.

ప్రశ్న అడిగినవారు:
రేపు ఓపీ ఉందండీ. రెండూ రాసుకుని వెళ్తాను.