నాన్న తొక్కిన 28 అంగుళాల సైకిలును క్రూయిజర్‌గా మార్చవచ్చా, ఉన్నది ఉన్నట్టే బాగు చేసుకోవాలా?

కల్వకుర్తి కొత్తవాడు

పెద్దలందరికీ నమస్కారం. మా నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా తొక్కిన నల్లటి అట్లాస్ సైకిలు, ఆయన పోయిన తరువాత నాలుగేళ్లుగా మా కొట్టంలో గోడకు ఆనించి ఉంది. చక్రాలు 28 అంగుళాలవి, బ్రేకులు కడ్డీలతో లాగేవి, చైను మొత్తాన్ని మూసే రేకు పెట్టె చెక్కుచెదరలేదు, పాల క్యాన్లు మోసీ మోసీ క్యారియర్ మాత్రం ఎడమ పక్కకు ఒరిగిపోయింది. నేను ఇంతవరకు పానా పట్టి ఎరుగను. అయినా ఈ వేసవి సెలవుల్లో దీన్ని నా చేతులతోనే క్రూయిజర్‌గా మార్చుకోవాలని, అంటే వెడల్పాటి హ్యాండిల్, లావు టైర్లు బిగించి, మీగడ రంగు వేసి, చైను పెట్టెను, మడ్‌గార్డులను తీసేయాలని అనుకుంటున్నాను. ఆరు వేల రూపాయల వరకు పెట్టగలను. మా బావ ఇప్పుడే విప్పేద్దామంటున్నాడు, చిన్నాయన మాత్రం అన్న బండిని ముట్టుకుంటే ఊరుకునేది లేదంటున్నాడు. ఇంట్లో తేలని తగవు కనుక మీ ముందు పెడుతున్నాను.

నల్లగొండ పాతబండి

మీ చిన్నాయన మాటే నా మాట. క్రూయిజర్ అనేది అమెరికా సరుకు. 1933లో షికాగోలోని ష్విన్ కంపెనీ 26 అంగుళాల చక్రానికి 2.125 అంగుళాల లావు టైర్లు తొడిగి, మోటారు సైకిలును చూసి మురిసిపోయే పిల్లల కోసం తెచ్చిన బండి అది, ఆ తరువాత సముద్రపు ఒడ్డున షికారుకు అలవాటుపడింది. మన 28 అంగుళాల సైకిలు ఇంగ్లండు రోడ్‌స్టర్ వంశానికి చెందినది, బరువు మోయడానికి పుట్టినది. మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలై, ఈ ఒక్క నమూనాతోనే దేశమంతటినీ తొక్కించాయి. వాటిలో అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడింది.

మీరు తీసి పారేస్తానంటున్న చైను పెట్టెను ఒకసారి తడిగుడ్డతో తుడిచి చూడండి. దాని మీద, మడ్‌గార్డుల అంచు వెంట, సన్నటి బంగారు గీత కనబడవచ్చు. పాత బండ్ల మీద ఆ గీతను బ్రష్షుతో చేత్తోనే లాగేవారు, అందుకే ఒక చోట వెంట్రుక మందం, ఇంకో చోట దారం మందం ఉంటుంది. మీరు గరుకు కాగితం పెట్టి రెండు నిమిషాలు రుద్దితే ఆ గీత పోతుంది, దాన్ని మళ్లీ అలా లాగే చెయ్యి మీకు మన జిల్లాలో దొరకదు.

పాలమూరు పెడల్

పాతబండి సారు మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఉన్నది ఉన్నట్టుగా ఉన్న సైకిలు మన పల్లెల్లో ఎప్పుడుంది సారూ? గీత కార్మికులు కల్లు కుండలు వేలాడేయడానికి క్యారియర్‌కు కొక్కేలు పెట్టించుకున్నారు, పాలవాళ్లు దానికి అదనంగా ఇనుప చట్రం బిగించారు, చీరల మూటలు వేసుకుని ఊళ్లు తిరిగినవారు వెనుక చక్రానికి మందం పుల్లలు వేయించుకున్నారు, పిల్లలున్నవారు ముందు డండి, అంటే సీటుకూ హ్యాండిల్‌కూ మధ్యనున్న అడ్డ గొట్టం మీద చిన్న సీటు పెట్టించారు. ఈ తమ్ముడి బండి క్యారియర్ ఒరిగిందంటే అది కంపెనీ ఇచ్చిన రూపం కాదు గదా. అవసరాన్ని బట్టి బండిని మార్చుకోవడమే మన ఆచారం. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు, 1930ల, 40ల నాటి ష్విన్ సైకిళ్లను విప్పి కొండదారులకు పనికొచ్చేలా మార్చుకోకపోయి ఉంటే, మౌంటెన్ బైక్ అనేది ఇంకెప్పుడు పుట్టేదో.

కొట్టంలో తుప్పు పట్టి చివరికి కిలోల లెక్కన పాత ఇనుప సామాను బండికి పోవడం కంటే, మీగడ రంగుతోనైనా సరే, రోడ్డు మీద తిరగడం మేలు. తమ్ముడూ, మొదలుపెట్టు.

మిర్యాలగూడ ఫిట్టర్

నేను రైసుమిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడిని. ఇద్దరూ గౌరవం, ఆచారం అంటున్నారు గాని, బ్రేకు సంగతి ఎవరూ ఎత్తలేదు. నా దృష్టిలో ఈ తగవంతా బ్రేకు దగ్గరే తేలుతుంది.

కడ్డీ బ్రేకు ఎలా పట్టుకుంటుందో కొత్తవాడు ముందు వంగి చూడాలి. మామూలు సైకిలులో రబ్బరు ముక్కలు రిమ్మును రెండు పక్కల నుంచి నొక్కుతాయి. మీ బండిలో గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ఇనుప కమ్మీ పైకి లేచి, దానికున్న రబ్బర్లు రిమ్ము లోపలి ముఖాన్ని, అంటే పుల్లలున్న వైపును నొక్కుతాయి. అందుకని ఆ రిమ్ము పక్కలు చదునుగా కాక గుండ్రంగా ఉంటాయి. ఆ కమ్మీని లాగే కడ్డీలు హ్యాండిల్‌కే అమరి ఉంటాయి, హ్యాండిల్, దాని కాడ కలిపి ఒకే ముక్క. మీరు వెడల్పాటి హ్యాండిల్ కోసం దాన్ని ఊడదీసిన క్షణంలో రెండు బ్రేకులూ పోతాయి. పోనీ తీగ బ్రేకులు బిగిద్దామంటే, గుండ్రటి రిమ్ము పక్కల మీద ఆ రబ్బర్లకు పట్టు దొరకదు.

ఇక లావు టైర్ల మాట. 28 అంగుళాల ఒకటిన్నర సైజు టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు, క్రూయిజర్ టైరు కూర్చునేది 559. అంటే ఒకదాని టైరు ఇంకొకదాని రిమ్ముకు ఎక్కదు, చక్రాలే మార్చాలి. మార్చితే రిమ్ము అంచు 38 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది కనుక, పాత రంధ్రంలో బిగించిన తీగ బ్రేకు రిమ్ము దాకా అందడం కష్టం. పైగా టైరు 54 మిల్లీమీటర్ల వెడల్పు, చిమటా, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల సందులో, వెనుక గొట్టాల సందులో అంత చోటుందో లేదో కొలిచి చూడకుండా డబ్బు పెట్టకండి.

వెనక్కి తొక్కితే ఆగే కోస్టర్ హబ్బు వేయవచ్చు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. వేయవచ్చు, క్రూయిజర్లకు మొదటి నుంచీ ఉన్నది అదే. కాని మన పాత బండ్లలో ముందు రిమ్ముకు 32, వెనుక రిమ్ముకు 40 రంధ్రాలుంటాయి. బజారులో దొరికే కోస్టర్ హబ్బులు ఎక్కువగా 36 రంధ్రాలవి, కాబట్టి హబ్బుతో పాటు రిమ్మూ మారాలి. పాలమూరు తమ్ముడు చెప్పిన మారిన్ కుర్రాళ్లు కూడా ఈ హబ్బుతోనే కొండ దిగేవారు, కింద చేరేసరికి లోపలి గ్రీజు వేడికి కాలిపోయి మళ్లీ కూరవలసి వచ్చేది, అక్కడి పందేనికి రీప్యాక్ అనే పేరు అందువల్లే వచ్చింది. ఊళ్లో షికారుకు ఆ సమస్య లేదు. ఆరు వేలలో ఇదంతా అయ్యే పనేనా అన్నది మాత్రం నాకు అనుమానమే.

పాలమూరు పెడల్

ఫిట్టర్ గారు చెప్పినది నా ఒంటి మీద జరిగింది, నిజం చెప్పడంలో సిగ్గేముంది. నేను మొదటిసారి సైకిలు మార్చినప్పుడు పాత రిమ్ములకే తీగ బ్రేకులు బిగించాను. ఎండాకాలమంతా ఏదోలా ఆగింది. మొదటి వానకు మన్యంకొండ ఘాట్ దిగుతుంటే, తడిసిన నికెల్ రిమ్ము మీద రబ్బర్లు సబ్బు మీద వేళ్లలా జారిపోయాయి. చెప్పులు రెండూ రోడ్డుకు ఆనించి, చివరికి పక్కనున్న తుమ్మ చెట్లలోకి దూరి ఆగాను. ఆ తరువాత కోస్టర్ హబ్బు వేయించి, ముందు చక్రానికి కూడా వేరే బ్రేకు పెట్టుకున్నాను. అయినా మార్చడం తప్పని నేను అనను. క్రమం తప్పాను, అంతే.

దేవరకొండ టీచరమ్మ

రెండు మాటలు చెప్పి తప్పుకుంటాను. మొదటిది, రోడ్డు పక్కన సర్కారు తుమ్మ, పొలం గట్ల మీద పల్లేరు కాయలు ఉన్న మన ప్రాంతంలో లావు టైరు అందంగానే ఉంటుంది గాని, ఎంత వెడల్పుంటే అన్ని ముళ్లను ఏరుకుంటుంది. నేను తొక్కే బండికి టైరు లోపల పాత ట్యూబును కోసి పట్టీలా పరిచాను, పంక్చర్లు తగ్గాయి.

రెండవది, పాత పెయింటులో సీసం ఉండవచ్చు. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలకు, మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి మాత్రమే అమలైంది, దానికి ముందు ఇనుముకు పూసిన రంగుల సంగతి చెప్పనక్కరలేదు. గరుకు కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దండి, పొడిగా రుద్ది ఆ దుమ్మును వాకిట్లో ఎగరనివ్వకండి, చిన్నపిల్లలను, బర్రెలను దూరంగా ఉంచండి.

ఇంకొక సందేహం కూడా ఉంది. డండి కోయించి కిందికి వంచి అతికిస్తే, అది ఆడవాళ్లూ ఎక్కగలిగే బండి అవుతుంది కదా. చిన్నప్పుడు మేమందరం ఆ డండి అడ్డం కావడం వల్లనే దాని కింది నుంచి కాలు దూర్చి, కైంచీ తొక్కి నేర్చుకున్నాం.

మిర్యాలగూడ ఫిట్టర్

టీచరమ్మా, డండి జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. ఆ గొట్టాలు గేట్ల కోసం వాడే మందపాటివి కావు. పైగా మూలల్లో గొట్టాలను తొడుగుల్లో దూర్చి ఇత్తడి కరిగించి అతుకుతారు. ఆ ఇత్తడి ఉన్న చోట ఆర్క్ వెల్డింగు పెడితే, అది ఉక్కులో కలిసి అతుకు పెళుసవుతుంది. పైకి గట్టిగా కనబడుతుంది, గుంతలో పడిన రోజున విరుగుతుంది. తక్కువ ఎత్తు బండి కావాలంటే, ఆడవాళ్ల చట్రం ఉన్న పాత సైకిలును వేరే కొనుక్కోవడం చౌక.

కొత్తవాడికి నా సలహా: ఈ ఏడాది బోల్టు విప్పి, మళ్లీ బిగించగలిగిన పనులే చేయండి. హ్యాండిలూ, కడ్డీ బ్రేకులూ అలాగే ఉంచి, రబ్బర్లు కొత్తవి వేయండి. బేరింగు గోళీలన్నీ తీసి, కిరోసిన్‌తో కడిగి, గ్రీజు పెట్టండి. స్ప్రింగుల వెడల్పాటి సీటు వేసుకోండి. పెడళ్ల దగ్గరి పెద్ద చక్రానికి 48, వెనుక ఫ్రీవీల్‌కు 18 పళ్లుంటే, ఒక తొక్కుకు బండి దాదాపు ఆరు మీటర్లు పోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. 22 పళ్ల ఫ్రీవీల్ వేస్తే అది ఐదు మీటర్ల లోపుకు దిగి, తొక్కడం తేలికవుతుంది. చైను కాస్త పొడవు కావాలి, అది పెట్టెకు రాసుకుంటుందేమో చూసుకోవాలి. షికారు సుఖంలో సగం ఇక్కడే దొరుకుతుంది.

నల్లగొండ పాతబండి

ఫిట్టర్ గారి జాబితాలో రంగు లేదు కాబట్టి నేను సగం ఒప్పుకుంటున్నాను. మీగడ రంగుకు మాత్రం ఒప్పుకోను. పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో 180 డిగ్రీల దాకా కాల్చినా ఇత్తడి అతుకులకు ఏమీ కాదు, నిజమే, కాని దానికి ముందు ఇసుకతో కొట్టి పాతదంతా లేపేస్తారు.

పాలమూరు పెడల్

సగమేమిటి సారూ, రంగు అతని ఇష్టం. బండి అతనిది.

కల్వకుర్తి కొత్తవాడు

అందరికీ కృతజ్ఞతలు. కొలిచి చూశాను, చిమటా సందు 50 మిల్లీమీటర్లకు తక్కువే ఉంది, కాబట్టి లావు టైర్ల మాట అక్కడితో ఆగిపోయింది. హ్యాండిల్ కూడా ఉంచుతున్నాను. చైను పెట్టె తుడిస్తే బంగారు గీత నిజంగానే ఉంది, ఒక చోట నాన్నగారి ప్యాంటు రాసుకుని చెరిగిపోయింది. రంగు సంగతి ఇంకా తేల్చుకోలేదు, చిన్నాయనతో మాట్లాడాలి.

నిన్న పెడలు కాడను పట్టి ఉంచే కాటర్ పిన్ను తీయబోతే రాలేదు. సుత్తితో మెల్లగా ఇరవై దెబ్బలు వేశాను, పిన్ను కొస వంగుతోంది. ఏం చేయాలి?

మిర్యాలగూడ ఫిట్టర్

మెల్లగా కొట్టడమే తప్పు, కొస పుట్టగొడుగులా చితికితే ఇక రాదు. ఈ రాత్రికి డీజిల్ పోసి వదిలేయండి. ఉదయం నట్టును పిన్ను కొసకు సమంగా వచ్చేవరకు తిప్పి ఉంచండి, దెబ్బ నట్టు మీద పడుతుంది, మరలు చితకవు. పెడలు కాడ కింద, పిన్ను దూరేంత బోలు ఉన్న ఇనుప గొట్టాన్ని నేలకు ఆనేలా నిలబెట్టండి, లేకపోతే దెబ్బంతా లోపలి గోళీల మీద పడుతుంది. పెద్ద సుత్తితో ఒకే ఒక్క గట్టి దెబ్బ వేయండి. ఇరుసు బయటికి వచ్చాక గోళీలు కూర్చునే ఎడమ కప్పు మామూలుగానే విప్పండి, కుడి కప్పుకు ఎదురు మర ఉంటుంది, దాన్ని తీయకుండా అక్కడే తుడిచి గ్రీజు పెట్టండి. గోళీలు పావు అంగుళానివి, అరిగిన వాటిలో కొత్తవి కలపకుండా మొత్తం ఒకేసారి మార్చండి, కొత్త కాటర్ పిన్నులు కూడా జతగానే తెచ్చుకోండి.