అప్‌డేట్: హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ప్రస్తుతానికి ఆపాను

పెళ్లిచూపుల ముందు హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోవాలా, ఆగాలా అని అడిగాను కదా. ఆగాను. బెంగళూరు మారతహళ్లిలో ఒక క్లినిక్‌లో డాక్టర్ కనపడనే లేదు, "ఈరోజే బుక్ చేస్తే డిస్కౌంట్ సార్" అన్నారు. అక్కడే మనసు విరిగింది. తర్వాత కలిసిన డెర్మటాలజిస్ట్ తల వెనక జుట్టు పాయలు పాయలుగా విడదీసి లెన్స్‌తో చూశారు. ఇంకా రాలుతోంది, ముందు మందులతో ఆపాలి, లేదంటే నాటినవి నిలిచినా చుట్టూ ఉన్నవి పోతాయన్నారు. మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ రాశారు. 6 నెలలయ్యాక మళ్లీ చూస్తారట. పైగా నాటిన వెంట్రుకలు మొదటి వారాల్లో చాలావరకు రాలి, 3-4 నెలలకు మళ్లీ మొలుస్తాయట, పూర్తి ఫలితానికి ఏడాది. మాఘమాసం ముహూర్తాలకు ఎలాగూ అందదు! అమ్మేమో "ఉన్నది ఉన్నట్టు చూపించు నాన్నా" అంటోంది. అద్దం ముందు టెన్షన్ ఇంకా ఉంది. అడ్వాన్స్ మాత్రం ఎవరికీ కట్టలేదు.