మామ్మ నేస్తం గురించి స్త్రీల సమాజంలో చెప్పొచ్చా?

విజయనగరం టీచర్:

అందరికీ వందనాలు. వచ్చే నెల మా చర్చిలో స్త్రీల సమాజం కూటానికి నన్ను పావుగంట మాట్లాడమన్నారు. అంశం ‘ఆదిమ సంఘంలో స్నేహం’, అంటే తొలినాటి క్రైస్తవుల మధ్య స్నేహం. నేను ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పుకునేదాన్ని, వాక్యం చెప్పడం అలవాటు లేదు. ఒప్పుకున్న దగ్గర్నుంచి ఒకటే టెన్షన్. అందుకని నాకు తెలిసిన స్నేహంతోనే మొదలుపెడదామనుకున్నాను.

మా మామ్మది చీపురుపల్లి వైపు పల్లె. ఆమెకి ఒక నేస్తం ఉండేది. ఉత్త స్నేహితురాలు కాదు. చిన్నప్పుడు చెరువుగట్టున గోగునార తీసే చోట కలిసిన ఇద్దరూ నేస్తం కట్టుకున్నారట. రెండిళ్ల పెద్దవాళ్లూ కూర్చుని, ఒకరికొకరు రవికెల గుడ్డలు ఇప్పించారట. ఆ తర్వాత పేరు పెట్టి పిలుచుకోకూడదు, చచ్చేదాకా ‘నేస్తం’ అనే పిలవాలి అని మామ్మ చెప్పేది. మేము క్రైస్తవులం. వాళ్లు కాదు.

నాన్న ఉద్యోగం వల్ల మామ్మ విజయనగరం వచ్చేశాక, ఆ నేస్తం ఏటా పైడితల్లమ్మ పండక్కి మా ఇంట్లోనే దిగేది. మంగళవారం సిరిమాను ఊరేగింపు అంటే, ముందురోజు సోమవారం తొలేళ్ల పండక్కే సంచీతో వచ్చేసేది. తెచ్చిన అరటి గెలలోంచి అమ్మవారికి పెట్టకముందే మా వంతుగా ఒక అత్తం, అంటే ఒక వరస పళ్లు, విడిగా కోసి మామ్మ చేతికిచ్చేది. మామ్మ ప్రసాదం తినదని ఆమెకి తెలుసు. ఒక్కసారి కూడా ఆ మాట వాళ్లు పైకి అనుకోగా నేను వినలేదు. మామ్మేమో సిరిమాను చూసి ఆమె తిరిగొచ్చేవరకు ముద్ద ముట్టకుండా గడపలో కూర్చునేది.

ఇది చెప్తానంటే మా సంఘ పెద్ద ఒకాయన వద్దన్నారు. బైబిల్లో యాకోబు పత్రిక 4:4 తీసి చూపించారు. లోకంతో స్నేహం దేవునితో వైరం అని. ఆయన మంచివారే, నా మీద కోపంతో అన్నది కాదు.

నా అనుమానాలు రెండు. మొదటి రోజుల క్రైస్తవులకి బయట స్నేహితులు ఉండేవారా? రెండోది, తొలి సంఘాలకి పౌలు రాసిన ఉత్తరాలన్నీ తిరగేశాను, ఎక్కడ చూసినా ‘సహోదరులారా’ అనే ఉంది. ‘స్నేహితులారా’ అనడేం?

జాన్, పార్వతీపురం:

అక్కా, మీ పెద్ద గారు చెప్పింది సరైనదే. 2 కొరింథీ 6:14 కూడా చూడండి, అవిశ్వాసులతో జోడుగా ఉండొద్దని. మామ్మ గారి ప్రేమని ఎవరూ కాదనరు. కానీ కూటంలో చెప్తే, కొత్తగా వచ్చిన చెల్లెళ్లు పండక్కి వెళ్లడం తప్పులేదు అనుకుంటారు. బైబిల్లో ప్రాణస్నేహితులు దావీదు, యోనాతాను ఉన్నారుగా, వాళ్ల గురించి చెప్పండి.

నాగావళి గట్టు:

టీచరమ్మా, నేను శ్రీకాకుళంలో రిటైరైనవాణ్ణి. పొద్దున వాకింగు, మధ్యాహ్నం చదువు, ఇంతే నా పని. ఈ విషయం మీద పాతికేళ్లుగా దొరికిందల్లా చదువుతున్నాను. దానికి సొంత కారణం ఒకటుంది, సందర్భం వస్తే చెప్తాను.

మీ రెండో అనుమానం ముందు చూద్దాం. మీరు సరిగ్గానే పట్టారు. గ్రీకులో స్నేహితుడికి ‘ఫిలోస్’ అని మాట. పౌలు ఉత్తరాల్లో అది ఒక్కచోట కూడా లేదు. మాట తెలియక కాదు. లూకా తన రెండు పుస్తకాల్లోనూ, సువార్తలోనూ అపొస్తలుల కార్యాల్లోనూ, ధారాళంగా వాడాడు. పౌలుని ఖైదీగా ఓడలో తీసుకెళ్తూ, సీదోనులో శతాధిపతి యూలి ఆయన్ని స్నేహితుల దగ్గరికి వెళ్లనిచ్చాడని రాసింది లూకాయే. అంటే పౌలుకి స్నేహితులున్నారు, ఆ మాటతో పిలవలేదంతే.

ఎందుకంటే, నాకు తోచింది ఇది. ఆ కాలంలో స్నేహం సమానుల మధ్య సంగతి. దాసుణ్ణి దాసుడిగా చూస్తే అతనితో స్నేహం కుదరదని అరిస్టాటిల్ ముందే రాసిపెట్టాడు. పైగా ‘స్నేహితుడు’ అంటే పలుకుబడి కూడా. యేసుని వదిలేస్తే నువ్వు కైసరుకి, అంటే రోము చక్రవర్తికి, స్నేహితుడివి కావని గవర్నరు పిలాతుని బెదిరించారు చూడండి, అక్కడున్నదీ ఈ మాటే. మన దగ్గర ‘ఫలానా నాయకుడి మనిషి’ అంటాం కదా, ఆ రుచి ఉంది దాంట్లో. ఒకే గదిలో దాసుడూ యజమానీ కూర్చుని రొట్టె విరవాల్సిన చోట పౌలుకి ఆ మాట పనికిరాలేదు. దాసుడు ఒనేసిముని వెనక్కి పంపుతూ అతని యజమాని ఫిలేమోనుకి ‘ప్రియ సహోదరుడిగా చేర్చుకో’ అన్నాడు. అన్నదమ్ముల్ని మనం ఏరుకోలేం, అదే దాని బలం.

సువార్త రాసిన యోహాను దారి వేరు. పదిహేనో అధ్యాయంలో యేసు శిష్యుల్ని ఇక దాసులని పిలవను, స్నేహితులని పిలుస్తాను అంటాడు. కారణం కూడా చెప్తాడు: తండ్రి దగ్గర విన్నదంతా వాళ్లకి చెప్పేశాడు, దాపరికం లేదు. మూడో యోహాను పత్రిక ఆఖర్లో చూడండి, ఇక్కడి స్నేహితులు వందనాలు చెప్తున్నారు, అక్కడి స్నేహితులకి పేరు పేరునా చెప్పు అని ఉంటుంది. నాకు బైబిల్లో మహా ఇష్టమైన ముగింపు అది.

ఇక యాకోబు 4:4. జాన్ బాబూ, ఆ అధ్యాయం మొదటి వచనం నుంచి చదువు. మీలో యుద్ధాలు, పోరాటాలు ఎక్కడివి, మీ కోరికల్లోంచి కాదా అని సంఘం లోపలివాళ్లనే కడుగుతున్నాడు. అక్కడ ‘లోకం’ అంటే ఆశ, అసూయ, పెద్దరికం కోసం కొట్లాట. పక్కింటావిడ కాదు. అదే పత్రికలో రెండో అధ్యాయంలో అబ్రాహాముని దేవుని స్నేహితుడు అన్నదీ ఈ యాకోబే.

అరటి అత్తం మాట చదివి ఉలిక్కిపడ్డాను టీచరమ్మా. 1 కొరింథీ 10:27 తీయండి. అవిశ్వాసి ఎవరైనా భోజనానికి పిలిస్తే, వెళ్లాలనిపిస్తే వెళ్లి, పెట్టింది ఆరా తీయకుండా తినమన్నాడు. ఇది దేవతకి పెట్టిందని ఎవరైనా చెప్తే మాత్రం తినొద్దన్నాడు. అంటే కొరింథు విశ్వాసులు బయటివాళ్ల ఇళ్లలో విస్తర్ల ముందు కూర్చుంటూనే ఉన్నారు, లేకపోతే ఆ ప్రశ్నే పుట్టదు. పౌలు ఇంత వివరంగా చెప్పాల్సి వచ్చిన చిక్కుని మీ మామ్మ నేస్తం గెల కోసేటప్పుడే తీర్చేసింది.

ఇంకొకటి. మినూకియుస్ ఫేలిక్స్ అని రోములో ఒక లాయరు, క్రైస్తవుడు. మూడో శతాబ్దం ప్రాంతంలో లాటిన్‌లో చిన్న పుస్తకం రాశాడు, చనిపోయిన స్నేహితుడు ఒక్టావియుస్‌ని తలుచుకుంటూ. కోర్టులకి సెలవులు. ముగ్గురు స్నేహితులు తెల్లవారుజామున ఓస్తియా రేవులో సముద్రపు గట్టున నడుస్తుంటారు. ఇద్దరు క్రైస్తవులు, మూడోవాడైన కైకీలియుస్ మాత్రం క్రైస్తవుడు కాదు. దారిలో సెరాపిస్ దేవుడి బొమ్మ కనబడితే అతను చెయ్యి పెదవులకి తాకించి మొక్కుతాడు. ఒక్టావియుస్ ఏదో అంటాడు, కైకీలియుస్ ముఖం ముడుచుకుంటాడు. కాసేపు మాటల్లేవు. ఒడ్డున పిల్లలు పెంకు ముక్కలు నీళ్ల మీద తేలిపోయేలా విసురుతూ, ఎవరిది ఎక్కువ గంతులేసిందో లెక్కపెట్టుకుంటుంటారు. మిగిలిన ఇద్దరూ ఆ ఆట చూస్తుంటే కైకీలియుస్ ఒక్కడే మౌనంగా ఉంటాడు. తర్వాత రాళ్ల కట్ట మీద కూర్చుని, మినూకియుస్‌ని మధ్యలో తీర్పరిగా పెట్టుకుని, నీ దేవుడా నా దేవుడా అని వాదించుకుంటారు. కళింగపట్నం బీచ్‌లో ఆదివారం సాయంత్రం ఇప్పటికీ కనబడే బొమ్మే ఇది. చెప్పొచ్చేదేంటంటే, వాళ్లు ముందు స్నేహితులు, తర్వాతే వాదులు.

జాన్, పార్వతీపురం:

మాస్టారూ, బాగా చెప్పారు. కానీ ఆ పుస్తకం చివర్లో ఆ మూడో స్నేహితుడు ఒప్పుకుని మారిపోతాడని ఎక్కడో చదివినట్టు గుర్తు. అయితే అది సువార్తే కదా? మారకపోయి ఉంటే? టీచరక్క వాళ్ల మామ్మ నేస్తం మారలేదు.

నాగావళి గట్టు:

నిజమే బాబూ, కైకీలియుస్ ఒప్పుకుంటాడు. ముగ్గురూ సంతోషంగా వెళ్తారు. మారకపోతే ఏమయ్యేదో ఆ పుస్తకంలో లేదు. నీ ప్రశ్న నన్నూ ఆపింది, దాటేయను.

అయితే నేను చదివినంతలో, ఆ కాలపు పెద్ద పెద్ద స్నేహాలు తెగింది బయటివాళ్లతో కాదు, లోపలివాళ్లతోనే. నాలుగో శతాబ్దపు క్రైస్తవ పండితుడు జెరోము యువకుడిగా ఉన్నప్పుడు స్నేహితుడు రుఫీనుకి ఉత్తరం రాస్తూ, ఆగిపోగలిగిన స్నేహం అసలెప్పుడూ నిజం కాదు అన్నాడు. ఆ తర్వాత ఆ ఇద్దరే, తమకి ముందు కాలపు క్రైస్తవ పండితుడు ఒరిగెను రాతల గురించి తగవు పడి, లోకమంతా చదివేలా తిట్టుకున్నారు.

నాకు తగిలింది మాత్రం ఆ శతాబ్దంలోనే బాసిలు, గ్రెగొరీ అనే ఇద్దరి కథ. ఇద్దరిదీ కప్పదొకియ, ఇప్పటి టర్కీ. ఏథెన్సులో కలిసి చదువుకున్నారు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లని సంతలోంచి ఊరేగించి స్నానాల గది దాకా గోల చేస్తూ తీసుకెళ్లే ర్యాగింగ్ అక్కడుండేది. బాసిలు వచ్చినప్పుడు గ్రెగొరీ అందరికీ చెప్పి అది తప్పించాడు. మాకు రెండు దారులే తెలుసు, ఒకటి చర్చికి, ఒకటి గురువుల దగ్గరికి అని తర్వాత రాసుకున్నాడు. రెండు దేహాలు, ఒకే ఆత్మ అని కూడా.

బాసిలు పెద్ద బిషప్పు అయ్యాడు. ప్రభుత్వం రాష్ట్రాన్ని రెండు చేసింది. పక్క బిషప్పుతో హద్దుల పేచీ వచ్చింది. తనవాడొకడు అక్కడ ఉండాలని 372లో గ్రెగొరీని ససీమ అనే చోటికి బిషప్పుగా వేశాడు. గ్రెగొరీ ఆ చోటు గురించి రాసింది చదివితే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. మూడు రోడ్లు కలిసే జంక్షను. నీళ్లు లేవు, పచ్చగడ్డి లేదు. దుమ్ము, బండ్ల చప్పుడు, వచ్చేపోయే పరాయి జనం. ఆయన అక్కడ నిలవలేదు.

ఇక నా సంగతి. విజయనగరంలో కాలేజీ చదువుకి నేనూ ఇంకొకడూ ఒకే గదిలో మూడేళ్లు ఉన్నాం. ఒక గిన్నెలో వండుకున్నాం, ఆదివారం ఒకే బైబిలు పట్టుకెళ్లేవాళ్లం. ఒకే డిపార్టుమెంటులో చేరాం. వాడు పైకెళ్లాడు. వెళ్లి, నన్ను ఏజెన్సీ అంచున మూడు బస్సులు మారే జంక్షనుకి ట్రాన్స్‌ఫర్ చేశాడు. అప్పుడు మా పాపకి ఆయాసం, ఆస్పత్రి దూరం. ఫోన్ చేస్తే ‘అక్కడ నమ్మకమైనవాడు కావాల్రా, నువ్వు కాకపోతే ఎవడు’ అన్నాడు. బాసిలు కారణమూ అచ్చం అదే. పదకొండేళ్లు మాట్లాడలేదు నేను.

వాడు పోయాక జ్ఞాపకార్థ కూటంలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. గది, గిన్నె, బైబిలు అన్నీ చెప్పాను. ఆ జంక్షను దాటేశాను. ఇంటికొచ్చి గ్రెగొరీ ప్రసంగం మళ్లీ తీశాను. బాసిలు 379లో చనిపోయాక, ఆయన మీద గ్రెగొరీ చేసిన స్తుతి ప్రసంగం చాలా పెద్దది. అంత పొగిడినవాడు మధ్యలో ఆగి, నా విషయంలో చేసింది మాత్రం మెచ్చుకోలేను, కాలం గడిచినా ఆ నొప్పి పోలేదు అని జనం ముందే చెప్పేశాడు. ఆయన దాటెయ్యలేదు, నేను దాటేశాను. ఎవరిది ఎక్కువ స్నేహమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నైట్ డ్యూటీ నర్సు:

మాస్టారూ, డ్యూటీలో చదివి కళ్లు తుడుచుకున్నాను. టీచర్ గారూ, స్త్రీల కూటం కదా, మగవాళ్ల కథలే అయిపోతున్నాయి. క్రైస్తవులైనందుకు మృగాలకి వేయబడ్డ పెర్పేతువ, ఫెలిసిత గురించి చెప్పండి. ఉత్తర ఆఫ్రికాలో కార్తేజ్, 203 మార్చి 7. పెర్పేతువకి ఇరవై రెండేళ్లు, పాలు తాగే బిడ్డ ఉన్నాడు, మంచి కుటుంబం. ఫెలిసిత దాసి, ఎనిమిదో నెల గర్భంతో జైల్లో ఉండి, ఖైదీల మీదికి మృగాల్ని వదిలే ఆ ఆటలకి కొద్ది రోజుల ముందే ప్రసవించింది. జైలు రోజుల గురించి పెర్పేతువ స్వయంగా రాసుకున్నది ఇప్పటికీ ఉంది. ఆ ఆటల మైదానంలో పిచ్చి ఆవుని వదిలితే ఇద్దరూ పడిపోయారు. పెర్పేతువ ముందు లేచి, ఫెలిసిత నలిగిపోయి ఉండటం చూసి, దగ్గరికెళ్లి చెయ్యిచ్చి లేపింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. వార్డులో రోజూ ఎవరికో ఒకరికి చెయ్యిచ్చి లేపుతాను కాబట్టి నాకు ఆ ఒక్క వాక్యం చాలు.

విజయనగరం టీచర్:

అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారూ, మీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. జాన్ తమ్ముడూ, పండక్కి వెళ్లొచ్చని ఎవరూ అనుకోకుండా, మామ్మ గడపలోనే కూర్చుందన్న మాట గట్టిగా చెప్తాను. పెద్ద గారితో కూడా మాట్లాడాను. కొరింథీ వచనం చూపించి చెప్తే సరే అన్నారు, మొహం పూర్తిగా విప్పుకోలేదు గానీ.

నిన్న రాత్రి మాట్లాడాల్సింది రాసుకుంటూ, మూడో యోహాను ‘పేరు పేరునా’ దగ్గర పెన్ను ఆగిపోయింది. మామ్మ నేస్తం పేరు నాకు తెలీదు. మా పెద్దత్తకి ఫోన్ చేశాను. ఆమెకీ తెలీదు. ‘నేస్తం మామ్మ అనేవాళ్లం కదే, పేరెవరు అడిగారు’ అంది. చీపురుపల్లి దగ్గర ఆమె మనవడు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడట. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కుతున్నాను. ఒక అరటి అత్తం తీసుకెళ్తాను.