తలకోనకు అమ్మను, పిల్లలను తీసుకెళ్ళొచ్చా? మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు నడవగలరా?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. నవంబరు చివరి వారంలో తిరుమల దర్శనానికి వస్తున్నాం. దర్శనం అయ్యాక ఒక రోజు ఖాళీ ఉంటుంది. ఆ రోజు తలకోన జలపాతం చూడాల్సిందేనని పిల్లలు పట్టుబట్టారు. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అమ్మకు 66 ఏళ్ళు. చదునైన దారిలో మెల్లగా బాగానే నడుస్తుంది, మెట్లంటేనే ఇబ్బంది. పిల్లల్లో పెద్దవాడికి పదకొండు, చిన్నదానికి ఏడు. వీడియోలు చూస్తే ఒకరేమో అసలు నడకే లేదంటారు, ఇంకొకరు పెద్ద ట్రెక్కింగ్ అంటారు. ఏది నమ్మాలో తెలియడం లేదు. పిల్లలు నీళ్ళలో దిగొచ్చా? తిండి దొరుకుతుందా? బస్సులో వెళ్ళొచ్చా, కారే మాట్లాడుకోవాలా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

జవాబు (పీలేరు నుంచి)

అక్కా, ఆ ఇద్దరు చెప్పిందీ నిజమే. ఒకరు కింద ఆగిపోయి ఉంటారు, ఇంకొకరు పైదాకా ఎక్కి ఉంటారు. తలకోన అంటే ఒకే చోట ఒకే ధార కాదు. కొండ కింద సిద్ధేశ్వరస్వామి గుడి ఉంటుంది. గుడి దాకా వాహనాలు వస్తాయి. అక్కడి నుంచి జలపాతం వైపు కొంత దూరం మంచి బాట, ఆ తర్వాత మెట్లు, చివర్లో రాళ్ళు. మొత్తం రెండు కిలోమీటర్ల లోపే. చెట్ల నీడ ఉంటుంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు, పిల్లలకు ఇది తేలికైన నడకే. ఆ పైన ఇంకా ఎక్కే దారులున్నాయి. అవి అడవి తెలిసిన మనిషి తోడు లేకుండా వెళ్ళేవి కావు, కుటుంబంతో అసలే వద్దు.

అమ్మగారి సంగతి చెప్తాను. గుడి దాకా, ఆ పైన బాట ఉన్నంత వరకు ఆమె హాయిగా నడుస్తారు. మెట్లు మొదలైన చోట ఆగి ఆలోచించండి. వచ్చాం కదా అని బలవంతంగా ఎక్కించొద్దు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఎక్కేటప్పుడు ఆయాసమే తెలుస్తుంది, అసలు బాధ దిగేటప్పుడు వస్తుంది. అప్పటికే తడి బట్టలు, అలసట, ఆకలి. అమ్మ దగ్గర మీలో ఒకరు ఉండి, ఇంకొకరు పిల్లలతో పైకి వెళ్ళి రావడం, తర్వాత మారడం మంచిది. గుడి దగ్గర చెట్ల కింద కూర్చోవడానికి చోటుంటుంది. వాగు చప్పుడు, పిట్టలు, చల్లగాలి ఉంటాయి. ఆమెకేమీ విసుగు రాదు.

కాలం మాత్రం మీకు బాగా కలిసొచ్చింది. మా వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలోనే, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. ఎండాకాలం సెలవుల్లో వచ్చి సన్నటి ధార చూసి ఇంతేనా అని వెళ్ళేవాళ్ళు చాలామంది. 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్ళు పడితే ఎలా ఉంటుందో నవంబరులో చూడాలి. కానీ ఇదే కాలంలో వాయుగుండాలు కూడా వస్తాయి. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తింది గుర్తుండే ఉంటుంది. పెద్ద వానలు పడితే అటవీశాఖ వాళ్ళు సందర్శకులను ఆపేస్తారు. అందుకే ముందు రోజు సాయంత్రం వాతావరణ సూచన చూసుకుని, మీరు దిగిన హోటల్లోనో, కారు డ్రైవరునో తలకోన తెరిచి ఉందా అని అడిగి బయలుదేరండి.

ఇంకో మాట. ఆదివారం వద్దని అందరూ చెప్తారు, దాంతో సోమవారం పెట్టుకుంటారు. మీరు వచ్చే రోజు కార్తీకంలో పడుతుందేమో క్యాలెండరు చూడండి. అది శివుడి గుడి. కార్తీక సోమవారం కాకుండా మంగళ, బుధ, గురువారాల్లో ఏదైనా పెట్టుకుంటే మేలు.

జవాబు (చెన్నైలో ఉంటున్న సభ్యుడు)

పీలేరు అన్న చెప్పిన దానికి తోడు దారి సంగతి. తిరుపతి నుంచి చంద్రగిరి, రంగంపేట, భాకరాపేట మీదుగా వెళ్ళి, అక్కడి నుంచి నెరబైలు వైపు తిరగాలి. దాదాపు 60 కిలోమీటర్లు. గంటన్నర నుంచి రెండు గంటలు వేసుకోండి. ఆర్టీసీ బస్సులున్నాయి కానీ తక్కువ. ఇంత చిన్న పిల్లలు, పెద్దావిడ ఉన్నప్పుడు తిరిగి వచ్చే బస్సు కోసం ఎదురుచూడటం కష్టం. కారే మాట్లాడుకోండి. మాట్లాడుకునేటప్పుడే వెయిటింగ్ కూడా కలిపి రేటు అడగండి. లేకపోతే అక్కడికి వెళ్ళాక గంటకింత అంటారు, తొందరలో సరిగ్గా చూడకుండానే తిరిగొస్తారు.

తిరుపతిలో ఉదయం ఆరు, ఆరున్నరకల్లా బయలుదేరండి. పది దాటాక మా చెన్నై బండ్లు, బెంగళూరు బండ్లు వరుస కడతాయి. ఉదయం నీళ్ళ దగ్గర పది మంది కూడా ఉండరు. మధ్యాహ్నానికి నిలబడటానికి రాయి దొరకదు.

జవాబు (భాకరాపేట నుంచి)

డ్రైవరుకు ఒక మాట చెప్పండమ్మా. భాకరాపేట ఘాట్ మలుపుల్లో ఓవర్‌టేక్ వద్దని, చీకటి పడ్డాక ఘాట్ దిగే పని పెట్టుకోవద్దని. పొగమంచు, వాన ఉన్న రోజుల్లో మరీ జాగ్రత్త. మధ్యాహ్నం మూడుకల్లా తలకోన వదిలితే వెలుతురు ఉండగానే తిరుపతి చేరిపోతారు.

నీళ్ళ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. ధార కింద పలచగా పడే చోట నిలబడి తడవండి, పిల్లలకు అంతకంటే సంతోషం ఉండదు. మడుగులో దిగొద్దు, ఎవరైనా రాయి మీద నుంచి దూకుతుంటే పిల్లలను అటు చూడనివ్వొద్దు, వాళ్ళకూ అలా చేయాలనిపిస్తుంది. పైకి మడుగు నున్నగా, లోతుగా కనిపిస్తుంది. అడుగున బండలు, బండల మధ్య సందులు ఉంటాయి. ఈతలో ఆరితేరిన కుర్రవాళ్ళే తల తగిలి, ఆ సందుల్లో ఇరుక్కుని పోయారు. ఈత వచ్చా రాదా అన్నది కాదు ఇక్కడ లెక్క.

ఇంకొకటి, మీ నెత్తిన ఎండ కాస్తున్నా కొండ మీద ఎక్కడో వాన కురుస్తూ ఉండొచ్చు. తేటగా ఉన్న నీళ్ళు ఒక్కసారి మట్టిరంగుకు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా, మరో మాట లేకుండా పిల్లలను ఎత్తుకుని గట్టుకు వచ్చేయండి. చెప్పులు, బ్యాగులు, ఫోన్లు ఏరుకుంటూ నిలబడొద్దు. వాగుకు అవతలి గట్టున అసలు సామాను పెట్టుకోవద్దు.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

చాలా థాంక్స్ అండీ. నీళ్ళు రంగు మారతాయన్న సంగతి మాకు తెలియనే తెలియదు. చెప్పులు ఎలాంటివి వేయాలి? పాప ఎప్పుడూ రబ్బరు చెప్పులే వేస్తుంది.

జవాబు (పీలేరు నుంచి)

రబ్బరు చెప్పులు వద్దక్కా. రాళ్ళ మీద పాకుడు ఉంటుంది, ఎండలో ఆరినట్టు కనిపిస్తుంది గానీ కాలు పెడితే జారుతుంది. మడమ వెనక పట్టీ ఉన్న శాండిల్స్ వేయండి, నీళ్ళలోనూ తీయొద్దు. ఉత్త కాళ్ళతో అసలు దింపొద్దు. పైన అంత కట్టుదిట్టం చేస్తున్నా తాగి సీసాలు పగలగొట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు, గాజు ముక్కలు నీళ్ళలో కనిపించవు. ఈ విషయంలో నాకు మాట అదుపు తప్పేంత కోపం వస్తుంది. ఇది మా ఇంటి పక్క అడవి. వారం చివర పిల్లలకు ఈత నేర్పాల్సిన వాగులో మేము గాజు ఏరుతున్నాం.

జవాబు (ఫిజియోథెరపీ చేసే సభ్యురాలు, విజయవాడ)

అమ్మగారి మోకాళ్ళ గురించి. ఒక చేతికర్ర తప్పకుండా తీసుకెళ్ళండి. నాలుగైదు మెట్లు ఎక్కాల్సి వచ్చినా బాగున్న కాలు ముందు పెట్టి ఎక్కమనండి, దిగేటప్పుడు నొప్పి ఎక్కువగా ఉన్న కాలు, కర్ర ముందు. రెండు కాళ్ళూ ఒకే మెట్టు మీదకు వచ్చాకే తర్వాతి మెట్టు. మీరు పక్కన కాదు, దిగేటప్పుడు ఆమెకు ఒక మెట్టు కింద ఉండాలి. తిరుమలలో క్యూలో నిలబడిన మర్నాడే కాబట్టి ఆమె కాళ్ళు అప్పటికే అలసి ఉంటాయి. వీలైతే దర్శనానికీ తలకోనకూ మధ్య ఒక పూటైనా విశ్రాంతి ఇవ్వండి. నొప్పి ఉన్న రోజు అసలు వద్దు. డాక్టరు నడక తగ్గించమని చెప్పి ఉంటే ఆ మాటే వినండి.

జవాబు (తిరుపతి నుంచి)

నాది కొంచెం వేరే అభిప్రాయం. అమ్మగారు జలపాతం చూడాలంటే అంత దూరం ఎందుకు? తిరుపతి ఊళ్ళోనే కపిలతీర్థం ఉంది. వానలు బాగా పడిన రోజుల్లో శేషాచలం మీద నుంచి నీళ్ళు నేరుగా పుష్కరిణిలోకి దూకుతాయి. ఆటోలో గుడి ముందు దిగొచ్చు. కపిలేశ్వరుడి దర్శనం, జలపాతం రెండూ అవుతాయి. లేదంటే పుత్తూరు వైపు కైలాసకోన ఉంది, అక్కడ నడక తక్కువ.

జవాబు (పీలేరు నుంచి)

కపిలతీర్థం మంచి సలహానే, వానలు ఉంటే ముందు రోజు సాయంత్రం చూపించండి. కానీ తలకోనకు ప్రత్యామ్నాయం అనను. పిల్లలు అడిగింది అడవిని. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది, 2010లో శేషాచలం కొండలను జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఇక్కడి ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు, ఈ తూర్పు కనుమల్లోనే. పెద్దవాడికి పదకొండేళ్ళంటే ఇవన్నీ అర్థమవుతాయి. దారి పక్కన చెట్లను అల్లుకుని, మనిషి నడుమంత లావున సాగిన గిల్లతీగ చూపించండి. తల ఎత్తి కొమ్మల్లో చూస్తే బెట్టుడుత, అంటే చాలా పెద్ద ఉడుత, కనిపించొచ్చు. దేవాంగ పిల్లి (పేరుకే పిల్లి, నిజానికి లోరిస్ అనే చిన్న జంతువు), బంగారు బల్లి కూడా ఈ అడవిలోవే, అయితే అవి రాత్రిళ్ళు తిరిగేవి, పగలు కనబడవని ముందే చెప్పండి, లేకపోతే చిన్నది అలుగుతుంది. చెట్ల పైన కట్టిన తాళ్ళ వంతెన ఒకటుంది, 240 మీటర్ల పొడవు. తెరిచి ఉంటే పెద్దవాడిని నడిపించండి.

ఒక్క జాగ్రత్త, కింద పడి ఉన్న చెక్క ముక్క బాగుందని, కాయ బాగుందని బ్యాగులో వేసుకోవద్దు. ఎర్రచందనం ముక్క చిన్నదైనా కేసు అవుతుంది, చెక్‌పోస్టులో ఆపి చూస్తారు.

జవాబు (నెల్లూరు నుంచి)

ఆ నీళ్ళలో మూలికల సారం ఉంటుందని మా పెద్దలు చెప్తారు. సీసాల్లో పట్టి తెచ్చుకుని తాగుతాం. మీరూ తాగండి, మంచిది.

జవాబు (భాకరాపేట నుంచి)

పెద్దల మాట మీద గౌరవం ఉంది అన్నా. స్నానం వరకు మనసారా చేయండి. తాగడం మాత్రం పిల్లలతో వద్దు. పైన వందల మంది స్నానం చేసిన నీళ్ళే కింద మనం పట్టుకునేది. సబ్బులు, షాంపూలు వాడొద్దని చెప్పినా వాడేస్తున్నారు. ఒక్కొక్కరికి లీటరు చొప్పున తాగే నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకుని, ఖాళీ సీసాలు వెనక్కి తీసుకెళ్ళండి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అలాగే చేస్తాం. భోజనం సంగతి ఒక్కటి చెప్పండి. ఇంకా కోతులు ఎక్కువని విన్నాను, పాపకు చాలా భయం.

జవాబు (చెన్నైలో ఉంటున్న సభ్యుడు)

కోతులున్నాయి మేడమ్, చేతిలో కవరు కనిపిస్తే లాక్కుంటాయి. తిండి ఏదైనా జిప్ ఉన్న బ్యాగులో పెట్టి, ఆ బ్యాగు పెద్దవాళ్ళ భుజాన ఉండాలి. చిప్స్ ప్యాకెట్ పాప చేతికి ఇవ్వొద్దు. కోతి దగ్గరకొస్తే పరుగెత్తకుండా, పళ్ళు కనిపించేలా నవ్వకుండా, నెమ్మదిగా పక్కకు తప్పుకోమనండి. గీరినా, కరిచినా వెంటనే సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్ళాలి, రేబిస్ టీకా కోసం.

గుడి దగ్గర టూరిజం వాళ్ళ గదులు, అటవీశాఖ అతిథి గృహాలు ఉన్నాయి. చిన్న చిన్న అంగళ్ళలో టీ, టిఫిన్ దొరుకుతాయి. మామూలు రోజుల్లో భోజనం ఉంటుందని నమ్ముకుని వెళ్ళొద్దు. తిరుపతిలోనే పొద్దున పులిహోర, పెరుగన్నం కట్టించుకోండి. తిరిగొచ్చేటప్పుడు భాకరాపేటలో టీకి ఆగండి. ఫోన్ సిగ్నల్ అడవిలో సరిగ్గా ఉండదు కాబట్టి డ్రైవరు ఏ చెట్టు కింద, ఎన్ని గంటలకు ఉంటాడో దిగేటప్పుడే మాట్లాడుకోండి. డబ్బు నోట్లలో పెట్టుకోండి, గేటు దగ్గర మనిషికీ, బండికీ టికెట్ తీసుకోవాలి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

నిర్ణయం అయిపోయింది. దర్శనం మర్నాడు కపిలతీర్థం, ఆ తర్వాతి రోజు బుధవారం తలకోన. తిరుగు రైలు టికెట్లు ఒక రోజు తర్వాతకు మార్చుకుంటున్నాం. అమ్మ గుడి దగ్గరే కూర్చుంటానంది, లలితా సహస్రనామం పుస్తకం తెచ్చుకుంటుందట. తుండుగుడ్డలు, మార్చుకునే బట్టలు కారులోనే పెట్టాలా, పైకి మోసుకెళ్ళాలా?

జవాబు (పీలేరు నుంచి)

ఒక్క తుండుగుడ్డ, పిల్లలిద్దరికీ ఒక్కో జత మాత్రం పైకి తీసుకెళ్ళక్కా. నవంబరులో తడిసి నీడలో దిగేసరికి చిన్నదానికి వణుకు వస్తుంది. మిగిలినవి అమ్మ దగ్గర ఉంచండి. పెద్దవాళ్ళు కాటన్ కాకుండా తొందరగా ఆరే బట్టలు వేసుకుంటే ఆ తడితోనే గుడి దాకా దిగేయొచ్చు.